మా ఆనంద్ పాల్ లిఫ్టర్ కాదండి

జమ్ములంక, కైకలూరు దగ్గర,
9 ఆగస్టు 2004.

ఏలూరు కాలేజీ ఆటల పి.డి. నిత్యానందం గారికి,
వలలు అల్లే ఎలీయాజరు వందనాలు.

నేనెవరో మీకు తెలియదు. మీ కాలేజీ వాలీబాల్ నెట్టు అల్లింది నేనే. ఇరవై ఆరేళ్ళుగా అల్లుతున్నాను. తెగినప్పుడల్లా వచ్చి గోడ పక్కన కూర్చుని కుడతాను. కుడుతూ ఆట చూస్తాను. ఎవరితోనూ మాట్లాడను.

మొన్న గురువారం వచ్చాను. లిఫ్టర్ చోట సాజిద్ లేడు. మా ఆనంద్ పాల్ ఉన్నాడు. వాడు మా అమ్మాయి పెర్సిస్ కొడుకు. అయినా చెబుతున్నాను. వాడు లిఫ్టర్ కాదండి. స్మాష్ కొట్టేవాడు. బంతి కనబడితే వాడికి కొట్టాలని ఉంటుంది గాని ఇంకొకడికి అందించాలని ఉండదు. సాజిద్ తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇంటి పిల్లవాడు. మనిషి పొట్టి. కానీ ఎవరికి ఎంత ఎత్తున బంతి లేపాలో వాడి వేళ్ళకి తెలుసు. టీం అంతా ఆ వేళ్ళ మీద ఆడుతుంది.

సాజిద్‌కి ఇది ఆఖరి ఏడాది. డిసెంబరులో తాడేపల్లిగూడెంలో జరిగే కాలేజీల పోటీ ఫైనల్‌కి యూనివర్సిటీ వాళ్ళు వచ్చి పిల్లల్ని ఏరుకుంటారట. ఆడితే చూస్తారు. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి ఎవరు చూస్తారు?

మా వాణ్ణి లిఫ్టర్‌గా పెట్టవద్దు. సాజిద్‌ని పెట్టండి.

ఇక రాయడానికి లేదు.
ఎలీయాజరు

తా.క. ఎడమ వైపు స్తంభం వంగింది. అది మాత్రం ఎవరైనా సరిచేయవచ్చు.


ఏలూరు,
16 ఆగస్టు 2004.

పెద్దలు ఎలీయాజరు గారికి నిత్యానందం నమస్కరించి వ్రాయునది.

తమ కార్డు అందింది. చదివి కళ్ళు చెమర్చాయండి. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో వచ్చినన్ని సిఫారసు ఉత్తరాలు కలెక్టరు గారికి కూడా వచ్చి ఉండవు. మా అబ్బాయిని పెట్టండి, మా బావమరిదిని పెట్టండి, మా ఇంటి ఓనరు గారి మేనల్లుణ్ణి పెట్టండి. ఆ మేనల్లుడు మా కాలేజీలో చదవడం లేదండి. ఆ సంగతి అడిగితే, ముందు టీంలో పెట్టండి, తరవాత చేర్పిస్తాం అన్నారు. అలాంటి లోకంలో "మా వాణ్ణి పెట్టవద్దు" అని రాసిన మొదటి మనిషి తమరే. ఎంత మర్యాద! ఎంత మొహమాటం!

నిజం చెప్పాలంటే ఆ గురువారం సాజిద్‌కి జ్వరం. ఆనంద్ పాల్‌ని ఆ ఒక్క పూటకి ఊరికే నిలబెట్టాను. తమ ఉత్తరం చూశాకే నాకు ఆలోచన మొదలైంది. ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు. పైగా ఇంతటి తాతగారి మనవడు. తమరు పైకి అడగలేక ఎంత నలిగిపోయి ఉంటారో నాకు అర్థం కాదా అండీ?

నిన్నటి నుంచి మా టీంకి ఆనంద్ పాలే లిఫ్టర్. తమరు నిశ్చింతగా ఉండండి.

సదా తమ మేలు కోరే
నిత్యానందం, ఎం.పి.ఎడ్.

తా.క. స్తంభం వంగలేదండి. ఆ రోజు మా అటెండరు దానికి ఆనుకుని నిద్రపోయాడు. అతన్ని లేపాం. ఇప్పుడు రెండూ నిటారుగా ఉన్నాయి.


జమ్ములంక,
6 సెప్టెంబరు 2004.

పి.డి. గారికి వందనాలు.

నేను సిఫారసు చెయ్యలేదండి. వద్దు అని రాశాను. మొహమాటం నాకు ఉంది. ఈ విషయంలో లేదు.

నల్లజర్ల వాళ్ళతో మొన్న ఆడిన ఆట చూశాను. బస్సు దిగి వెనక నిలబడ్డాను. మా వాడు బంతి లేపాడు. కొట్టేవాళ్ళు పరిగెత్తుకొచ్చేలోపు తనే ఎగిరి కొట్టేశాడు. లేపినవాడే వెంటనే కొట్టకూడదు కదండీ. ఏడు పాయింట్లు అలాగే పోయాయి. రిఫరీ విజిల్ ఊది ఊది మంచినీళ్ళు అడిగాడు. పక్కనే బెంచీ మీద సాజిద్ కూర్చుని ఉన్నాడు. బంతి పైకి లేచినప్పుడల్లా వాడి వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. అది మీరు చూశారా? నేను చూశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆనంద్ పాల్ ఇంటికి వచ్చాడు.

"ఏరా, నాకు రాదు సార్ అని చెప్పలేవా?" అన్నాను.

"చెప్పాను తాతయ్యా. అచ్చం మీ తాతగారి పోలికే అని వీపు తట్టారు."

"మళ్ళీ చెప్పు."

"మళ్ళీ చెప్పాను. మళ్ళీ తట్టారు. వీపు నొప్పి."

మీరు పి.డి. చదువుకున్నవారు. నేను అయిదో తరగతి. అయినా ఈ ఒక్క సంగతిలో మీరు తప్పు, నేను ఒప్పు. సాజిద్‌ని లిఫ్టర్‌గా పెట్టండి. మా వాణ్ణి కొట్టనివ్వండి.

ఉంటాను.
ఎలీయాజరు

తా.క. వాడి వీపు తట్టవద్దు.


ఏలూరు,
14 సెప్టెంబరు 2004.

మహాశయులు ఎలీయాజరు గారికి నిత్యానందం నమస్కారాలు.

తమ ఉత్తరమూ, కైకలూరు బస్సు కండక్టరు ద్వారా తమరు పంపిన ముప్పై బాతుగుడ్లూ ఒకే రోజు అందాయి. ఒక్కటి కూడా చిట్లలేదు. ఎందుకండీ ఈ శ్రమ?

తమ "వద్దు" గురించి రెండు మాటలు. నేను నిడదవోలు పక్కవాణ్ణి. మా ఇంట్లో బంతి భోజనాల్లో వడ్డన నాదే. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వద్దండీ వద్దండీ అన్నవాడికే కదండీ మనం ఇంకో గరిటె వేస్తాం? చేతులు అడ్డం పెట్టకుండా పెరుగు పోయించుకున్నవాణ్ణి చూసి ఏ ఊరివాడో అనుకుంటాం. తమరు రెండు చేతులూ అడ్డం పెట్టారు. నాకు అర్థమైంది.

సాజిద్ గురించి బెంగ పడకండి. అతన్ని ఊరికే కూర్చోబెట్టలేదు. స్కోరు రాసే పని అప్పగించాను. అక్షరాలు ముత్యాలండి. ఫైనల్‌లో యూనివర్సిటీ వారు ఆ స్కోరు షీటు తప్పక చూస్తారు.

ఇట్లు
తమ మనసెరిగిన
నిత్యానందం

తా.క. మా ఆవిడ కాంతం బాతుగుడ్ల కూర వండింది. మా ఇంట్లో గుడ్డు తినేది నేనొక్కణ్ణే అని అప్పుడు గుర్తొచ్చింది. ఇది నాలుగో రోజు.


జమ్ములంక,
27 సెప్టెంబరు 2004.

పి.డి. గారికి,

నేను గుడ్లు పంపలేదు. మాకు బాతులు ఉన్నాయి. మీకు పంపాలని ఎప్పుడూ అనుకోలేదు.

వద్దు అని ఇంకెలా చెప్పాలో తెలియడం లేదు. నేను విందులో లేనండి. నా ముందు విస్తరి లేదు. మీరు గరిటె పట్టుకుని రావద్దు.

లిఫ్టర్ అంటే ఏమిటో నాకు తెలిసినంత రాస్తాను. కొట్టేవాడికి చప్పట్లు వస్తాయి. లేపేవాడికి రావు. రాకపోయినా పరవాలేదు అనుకునేవాడే లేపగలడు. సాజిద్ అలాంటివాడు. మా వాడికి చప్పట్లు కావాలి. అది తప్పు కాదు. అలాంటివాళ్ళు కూడా కావాలి. కానీ వేరే చోట నిలబడాలి.

స్కోరు షీటు చూసి ఎవరూ ఎవరినీ టీంలోకి తీసుకోరు. వాడు ఆడాలి.

చాలా ఎక్కువ రాశాను. ఇన్ని ఉత్తరాలు నేను ఎవరికీ ఎప్పుడూ రాయలేదు.
ఎలీయాజరు

తా.క. గుడ్లు ఎవరు పంపారో కనుక్కుంటాను.


టెలిగ్రాం
4 అక్టోబరు 2004
నిత్యానందం పి.డి. కాలేజీ ఏలూరు
వద్దు వద్దు వద్దు ఎలీయాజరు


ఏలూరు,
11 అక్టోబరు 2004.

పూజ్యులు, ఆత్మీయులు ఎలీయాజరు గారికి నిత్యానందం అనేక నమస్కారాలు.

టెలిగ్రాం అనగానే మా కాంతం ఏడుపు మొదలుపెట్టింది. ఎవరు పోయారండీ అంటుంది. విప్పి చూస్తే ఇంకేముంది, మూడు వద్దులు! మా వైపు పద్ధతి తమకి ఎవరు చెప్పారండీ? మొదటి వద్దుకి గరిటె ఎత్తుతాం, రెండో వద్దుకి వంచుతాం, మూడో వద్దుకి వడ్డిస్తాం.

కనుక సంతోషంగా తెలియజేయునది ఏమనగా, ఆనంద్ పాల్‌ని కెప్టెన్ కూడా చేశాను.

తమరు పంపిన ఎండు రొయ్యలు అందాయి. గుడ్లు పంపలేదని అంత గట్టిగా రాసి మళ్ళీ రొయ్యలు పంపారంటే, కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియనివ్వని మనిషి తమరు.

ముదినేపల్లి జట్టు మీద ఓడిపోయామండి. నల్లజర్ల మీద కూడా ఓడాం కాబట్టి నిలకడగా ఆడుతున్నాం. మిగతావి గెలిచాం. అవతలి జట్లలో రెండింటికి బస్సు దొరకలేదు. మొత్తానికి ఫైనల్ చేరాం. డిసెంబరు 11 శనివారం, తాడేపల్లిగూడెం వారి మీద, వారి కోర్టులోనే. తమరు సతీసమేతంగా తప్పక రావాలి. తమకి ముందు వరసలో కుర్చీ వేయించే పూచీ నాది.

ఇట్లు
తమ ఆదరాభిమానాలకు పాత్రుడు
నిత్యానందం

తా.క. కెప్టెన్ అయ్యావు అని చెప్పగానే ఆనంద్ పాల్ వెళ్ళి గోడకి తల ఆనించి నిలబడ్డాడు. ఎంత వినయం!


జమ్ములంక,
29 నవంబరు 2004.

పి.డి. గారికి,

ఇన్నాళ్ళూ కార్డు ముక్క రాయలేదు. నెలన్నర సిగ్గుతో ఊరుకున్నాను. ఈ రోజు కోపం వచ్చింది. అందుకని రాస్తున్నాను.

గుడ్లు, రొయ్యలు పంపింది ఎవరో దొరికింది. ఉదయం బస్సు దగ్గర పట్టుకున్నాను. నా భార్య విక్టోరియా. కండక్టరు చేతికి డబ్బా ఇస్తోంది. అందులో నాలుగు కొరమేనులు, ప్రాణంతో ఉన్నాయి. మూత కింద చీటీ. చీటీలో ఇలా ఉంది.

"పి.డి. బాబు గారికి. మా ఆయన రాసేవి పట్టించుకోకండి. ఆయన ఎవరినీ ఏదీ అడగలేని మనిషి. మనసులో ఉన్నదానికి ఎదురు రాస్తారు. బాబుని లిఫ్టర్‌గానే ఉంచండి."

ఇలాంటి చీటీలు అంతకుముందు రెండు వెళ్ళాయట. మీరు ఆ మాట నాకు రాయలేదు.

"ఏమిటిది?" అన్నాను.

"ఏమిటా? కిందటేడు ఎగిరి కొట్టి పడి మడమ వాచి నెల రోజులు మంచం మీద ఉన్నాడు. మీరా నూనె రాసింది? నేను రాశాను. లిఫ్టర్ అయితే నిలబడి చేసే పని. ఎగరక్కర్లేదు" అంది.

"సాజిద్ సంగతో?"

"వాళ్ళమ్మ మెహరున్నీసా కూడా చీటీ రాసుకోవచ్చుగా. నేను వద్దన్నానా?"

"వాళ్ళు అడగరు."

"మనమూ అడగం. అందుకేగా ఇలా అయ్యాం" అంది.

ఆమె మాట ఆమెది.  కానీ మీకు చెబుతున్నాను. ఊళ్ళో అందరూ ఎలీయాజరు కొరమేను ఇచ్చి మనవణ్ణి కెప్టెన్ చేయించుకున్నాడు అంటున్నారు. నేను చేయించుకోలేదు. ఆ చీటీలు నావి కావు. ఈ ఉత్తరం నాది. ఫైనల్‌కి వస్తాను. కుర్చీ కోసం కాదు. ఆట మొదలయ్యేసరికి లిఫ్టర్ చోట సాజిద్ లేకపోతే నేను ఊరుకోను. ఏం చేస్తానో నాకే తెలియదు. ఊరుకోను.

ఎలీయాజరు

తా.క. పి.డి. బాబు గారికి విక్టోరియా వందనాలు. కవరు అంటించమని నా చేతికి ఇచ్చారు కనుక రాస్తున్నాను. పైన రాసిందంతా అలాంటిదే. కొరమేను పులుసులో మామిడికాయ వెయ్యండి.


ఏలూరు,
15 డిసెంబరు 2004.

ఎలీయాజరు గారికి నిత్యానందం తల వంచి నమస్కరించి వ్రాయునది.

నాలుగు రోజులుగా కలం పట్టుకుంటున్నాను, దించుతున్నాను. జరిగింది తమకి తెలిసినదే. అయినా నా చేత్తో రాస్తే గాని నా మనసు తేలికపడదు.

మొదటి రెండు సెట్లూ పోయాయి. 25-14, 25-11. ఆ పదకొండులో నాలుగు పాయింట్లు అవతలివాళ్ళు సర్వీసు నెట్టుకి కొట్టి ఇచ్చినవి. అప్పుడు తమరు గుంపులోంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "సాజిద్‌ని పంపండి" అన్నారు. నేను "ముందు తమరు కూర్చోండి" అన్నాను. "కుర్చీ వద్దండి" అన్నారు. నేనేం చేశాను? అక్కడి ప్రిన్సిపాలు గారి గదిలోంచి మెత్తల కుర్చీ తెప్పించాను.

తమరు దాన్ని చూడను కూడా చూడలేదు. తిన్నగా కోర్టులోకి నడిచి, ఆనంద్ పాల్ నిలబడే చోట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రిఫరీ విజిల్ ఊదాడు. తాడేపల్లిగూడెం కుర్రాళ్ళు ఈలలు వేశారు. "తాతగారు సర్వీసు చేస్తారా అండీ?" అని ఒకడు అరిచాడు. అప్పటికీ నేను ఏమనుకున్నానంటే, పాపం పెద్దాయనకి ఎండ దెబ్బ కొట్టింది అనుకున్నాను. గొడుగు పట్టమని అటెండరుని పంపాను.

ఆడవాళ్ళ వైపు నుంచి తమ ఇంటావిడ "ఏవండీ, లేవండి, మోకాళ్ళు పట్టేస్తాయి!" అన్నారు. రిఫరీ వచ్చి వంగి, "లేవండి బాబాయి గారూ, మ్యాచి ఆగిపోయింది" అన్నాడు. ఆనంద్ పాల్ కూడా వచ్చి తమ పక్కనే కూర్చున్నాడు. వాడు కెప్టెన్ అండి. కెప్టెన్ కూర్చుంటే మిగతా వాళ్ళు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు. ఒక్క సాజిద్ మాత్రం బల్ల దగ్గర స్కోరు షీటు పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు.

నేను వచ్చి, "తమకేం కావాలో చెప్పండి, మంచినీళ్ళు తెప్పించనా?" అన్నాను. తమరు తలెత్తి "వద్దు" అన్నారు.

అన్ని వందల మంది ముందు, అంత చిన్న గొంతుతో. ఆ వద్దు నేను ఇంతకు ముందు ఒక్కసారే విన్నాను. మా చెల్లెలి పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దాయన విస్తరి ముందు నుంచి లేస్తూ అన్నాడు. ఆ వద్దుకి గరిటె దించితే చేతి మీద పడుతుంది.  ఈయన ఆగస్టు నుంచీ ఇదే వద్దు అంటున్నాడని అప్పుడు తెలిసింది.

"సాజిద్! చొక్కా మార్చుకో!" అని నేనే అరిచాను.

తరవాతది తమరు గోడ పక్క నుంచి చూశారు. మూడో సెట్టు 25-19. నాలుగోది 25-21. రెండూ మనవే. ఆనంద్ పాల్ కొట్టిన ఒక బంతి అవతల పడి, గోడ దాటి, రోడ్డు మీద ఆటోలోకి పోయింది. ఆటోవాడు ఆపలేదు. అయిదోది 15-13, పోయింది. కప్పు వాళ్ళకే వెళ్ళింది. కానీ యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి కప్పు ఇచ్చే చోటికి కూడా పోకుండా, సాజిద్ దగ్గరికి వచ్చి వాడి రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు. నిన్న కబురు వచ్చింది. జనవరిలో విశాఖపట్నం క్యాంపుకి పిలిచారు. మెహరున్నీసా గారు మా ఇంటికి వచ్చి మా కాంతం చేతులు పట్టుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదండి.

ఇంత జరిగాక ఈ టీంని నడిపే అర్హత నాకు ఎక్కడిది? నాకంటే తమకే ఎక్కువ తెలుసు. రోజూ వచ్చి పిల్లల్ని చూసుకోవలసింది నేను కాదు, తమరు. ఈ మాట మా ప్రిన్సిపాలు గారి ఎదుట కూడా అన్నాను. "ఆయన వస్తానంటే రమ్మనండి" అన్నారు. నేను తప్పుకుని తమ వెనక నిలబడతాను. తమరు కాదనకూడదు.

ఇట్లు
తమ క్షమ కోరే
నిత్యానందం

తా.క. ఇదంతా లాంఛనానికి రాసింది కాదు. మనస్ఫూర్తిగానే రాశాను. అయితే తమ వయసూ, వలల పనీ, బస్సుల రద్దీ నాకు తెలియనివి కావు.


జమ్ములంక,
20 డిసెంబరు 2004.

నిత్యానందం గారికి ఎలీయాజరు వందనాలు.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. విక్టోరియా కూడా చదివింది. "ఊరికే మర్యాదకి రాశారండీ. మీరు వద్దంటారని తెలిసే రాశారు. వద్దని కార్డు ముక్క రాసి పడెయ్యండి" అంది.

ఆలోచించాను. నేను వద్దంటే మీరు సరే అనుకుంటారు. మళ్ళీ అది కాదని చెప్పడానికి నాకు మూడు ఉత్తరాలు, ఒక టెలిగ్రాం పడుతుంది. అప్పటికీ మీకు తెలియదు. మళ్ళీ నేల మీద కూర్చోవాలి. ఈ వయసులో అది కష్టం.

అందుకని సరే అంటున్నాను.

ఓడిపోయినందుకు నాకు విచారం లేదు. మొదటి రెండు సెట్లూ మీరు ఓడారు. తరవాత రెండూ సాజిద్ గెలిచాడు. ఆఖరిది మా వాడు సర్వీసు మూడుసార్లు బయట కొట్టాడు. అది నేను చూసుకుంటాను. వచ్చే ఏడాది తాడేపల్లిగూడెం వాళ్ళని వాళ్ళ కోర్టులోనే కొట్టాలి. తాతగారు అని అరిచిన కుర్రాణ్ణి గుర్తుపెట్టుకున్నాను.

వచ్చే సోమవారం మొదటి బస్సుకి వస్తాను. మీరు వెనక నిలబడతానన్నారు. నిలబడండి. నాకు మాటలు తక్కువ. పిల్లలకి చెప్పవలసింది మీకు చెబుతాను, మీరు గట్టిగా అరవండి. నేను చెప్పినంతే అరవండి. కలపకండి.

ప్రిన్సిపాలు గారికి కూడా ఈ రోజే కార్డు రాశాను. రమ్మన్నారు కనుక వస్తున్నాను అని.

సెలవు.
ఎలీయాజరు

తా.క. సాజిద్ వెళ్ళాక లిఫ్టర్ ఎవరో ఇంకా అనుకోలేదు. అందరి వేళ్ళూ చూడాలి. ఆనంద్ పాల్‌వి చూడక్కర్లేదు.